పాత కారుకి స్పోర్ట్స్ కారు గుండె: ‘రెస్టోమాడ్’ అంటే ఏంటి? మన దగ్గర చట్టం ఒప్పుకుంటుందా?

బయటి నుంచి చూస్తే అది 1960ల నాటి కారు. గుండ్రటి లైట్లు, మెరిసే క్రోమ్ బంపర్, సన్నటి స్టీరింగ్. బానెట్ ఎత్తి చూస్తే మాత్రం లోపల ఉన్నది నిన్నమొన్నటి స్పోర్ట్స్ కారు ఇంజిన్. చక్రాల వెనక పళ్లెమంత డిస్క్ బ్రేకులు. డ్యాష్‌బోర్డు కింద కంప్యూటర్. ఇలాంటి కార్ల వీడియోలు ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అవి చూసిన కుర్రాళ్లు ఇంట్లో మూలన పడున్న దాదాజాన్ అంబాసిడర్ వైపో, నానా వాడిన ఫియట్ వైపో ఆశగా చూస్తున్నారు. దీనికీ ఓ కొత్త ఇంజిన్ పడితే ఎలా ఉంటుంది అనుకుంటున్నారు.

ఆశ పడటంలో తప్పులేదు. అయితే ఈ పనిలో లక్షల రూపాయలు పోతాయి. ఆర్సీ బుక్కు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. బ్రేకులు కుదరకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి మిస్త్రీ చేతికి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ పని ఎలా జరుగుతుందో, ఎక్కడ చెడుతుందో, మన దేశ చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మంచిది.

మూడు పనులు, మూడు దారులు

పాత కారుని బాగు చేయడమంటే అందరూ ఒకే పని అనుకుంటారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు దారులున్నాయి.

మొదటిది భద్రపరచడం. కారు ఎలా ఉందో అలాగే ఉంచి, ఇంకా పాడవకుండా చూడటం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చాలామంది చూసే ఉంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డర్ ఇచ్చారు. ఆయన 1911లో కన్నుమూశారు, కారు ఆ తర్వాతే హైదరాబాద్ చేరింది. అలాంటి బండి విలువంతా అది అప్పటిదే కావడంలో ఉంది. దాంట్లో కొత్త ఇంజిన్ పెడతామంటే ఎవరూ ఒప్పుకోరు.

రెండోది రెస్టోరేషన్. అరిగిపోయిన, తుప్పు పట్టిన భాగాలను తీసేసి, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి తయారు చేయడం. రంగు కోడ్ నుంచి సీటు బట్ట దాకా అన్నీ అప్పటివే వెతికి వేస్తారు.

మూడోది రెస్టోమాడ్. రెస్టోరేషన్‌లో సగం, మాడిఫికేషన్‌లో సగం కలిపి పుట్టిన మాట ఇది. రూపం పాతదే ఉంటుంది. ఇంజిన్, గేరుబాక్స్, సస్పెన్షన్, బ్రేకులు, వైరింగ్ మాత్రం కొత్తవి, చాలాసార్లు ఏదైనా స్పోర్ట్స్ కారు నుంచి తీసినవి. అందం పాత కారుది, నడక కొత్త కారుది కావాలన్నదే దీని ఉద్దేశం.

ఈ మూడింట్లో ఏది చేస్తున్నామో ముందే తేల్చుకోకపోవడం వల్లే చాలా ఇళ్లలో కారు సగం విప్పేసి షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు

తేలికైన పాత బాడీలో బలమైన ఇంజిన్ పెట్టడం ఎప్పటి నుంచో ఉంది. 1962లో అమెరికా రేసర్ కారొల్ షెల్బీ, ఏసీ ఏస్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఫోర్డ్ వీ8 ఇంజిన్ బిగించాడు. అలా పుట్టిందే ఏసీ కోబ్రా. ఆ కథలో మనం నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. 4.2 లీటర్ల ఇంజిన్‌తో మొదలైన ఆ కారుకి 1965లో 7 లీటర్ల ఇంజిన్ పెట్టాల్సి వచ్చింది. పాత చాసిస్‌తో అది కుదరలేదు. 3 అంగుళాల చాసిస్ పైపులు తీసేసి 4 అంగుళాలవి వేశారు. పాత పట్టీ స్ప్రింగుల బదులు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఇంజిన్ బలం పెరిగితే కింద ఉన్నదంతా మారాల్సిందేనని అరవై ఏళ్ల కిందటే తేలిపోయింది.

మన రోడ్ల మీదా ఇలాంటిది జరిగింది, అదీ కంపెనీల చేతుల మీదుగానే. 1985లో వచ్చిన ప్రీమియర్ 118ఎన్‌ఈ గుర్తుందా? దాని బాడీ ఫియట్ 124ది, ఇంజిన్ జపాన్ నిస్సాన్ కంపెనీది. పేరులోని ‘ఎన్‌ఈ’ అంటే నిస్సాన్ ఇంజిన్ అనే. అంబాసిడర్ సంగతీ అంతే. 1950ల నాటి బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపంతో మొదలైన ఆ కారుకి హిందుస్థాన్ మోటార్స్ 1990లలో జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ పెట్టింది. ఒక్క ఇంజిన్‌తో ఆగలేదు, 5 గేర్ల గేరుబాక్స్ కూడా ఇచ్చింది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది.

తేడా ఎక్కడంటే, కంపెనీ ఆ మార్పు చేసినప్పుడు పరీక్షలు జరిపి, ప్రభుత్వ ఆమోదం తీసుకుని మార్కెట్లోకి తెచ్చింది. సందు చివరి షెడ్డులో చేసే మార్పుకి ఆ రెండూ ఉండవు.

విదేశాల్లో ఎలా చేస్తున్నారు?

ఈ పనిలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు సింగర్ వెహికిల్ డిజైన్. ఇంగ్లండ్‌లో పుట్టి, ఓ రాక్ బ్యాండ్‌లో పాటలు పాడిన రాబ్ డికిన్సన్ 2009లో అమెరికాలోని క్యాలిఫోర్నియాలో దీన్ని పెట్టాడు. 1989 నుంచి 1994 దాకా తయారైన పోర్షే 911 కార్లను, అంటే ‘964’ రకాన్ని తీసుకుని మొత్తం విప్పేస్తారు. బాడీ రేకుల స్థానంలో కార్బన్ ఫైబర్ వేస్తారు. ఇంజిన్‌ని మళ్లీ కడతారు. రూపం మాత్రం ఇంకా పాత 911లా కనిపించేలా చేస్తారు. ఒక్కో కారు ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది. కొనేవాళ్లు కోటీశ్వరులే.

మామూలు గ్యారేజీల్లో నడిచే పని వేరే. 1997లో షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారుతో ‘ఎల్‌ఎస్1’ అనే ఇంజిన్ వచ్చింది. 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్. బ్లాకు అల్యూమినియంది కాబట్టి పాత ఇనుప ఇంజిన్ల కన్నా తేలిక. సైజు కూడా చిన్నదే. అందుకే అమెరికాలో పాత కార్లు, పాత పికప్పుల్లో ఈ కుటుంబం ఇంజిన్లనే ఎక్కువగా బిగిస్తారు. ‘ఎల్‌ఎస్ స్వాప్’ అన్నది అక్కడ ఇంటింటి మాట. అదే కార్వెట్ సస్పెన్షన్ భాగాలు సరిపోయేలా కొత్త చాసిస్‌లు తయారు చేసి అమ్మే వర్క్‌షాపులూ ఉన్నాయి. జనరల్ మోటార్స్ కంపెనీ తనే కొత్త ఇంజిన్‌ని కంప్యూటర్‌తో, వైరింగ్‌తో కలిపి పెట్టెలో పెట్టి అమ్ముతుంది.

ఇంగ్లండ్‌లో జాగ్వార్ కంపెనీ మరో దారి పట్టింది. 1968 నాటి ఈ-టైప్‌లో కరెంటు మోటారు, బ్యాటరీ పెట్టి 2017లో ‘ఈ-టైప్ జీరో’ పేరుతో చూపించింది. 2018 మేలో ప్రిన్స్ హ్యారీ, మేఘన్ పెళ్లి రోజు సాయంత్రం ఎక్కి వెళ్లింది అలాంటి కారే.

ఇంజిన్ మారిస్తే చాలదా?

చాలదు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. కారులో ప్రతి భాగం పక్క భాగాన్ని చూసుకుని తయారైంది. ఒకటి మారిస్తే గొలుసులా మిగతావన్నీ కదులుతాయి.

ముందు బ్రేకులు చూద్దాం. వేగం రెట్టింపు అయితే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 20 మీటర్లలో ఆగుతుంది అనుకుందాం. అదే కారు 120లో ఉంటే దాదాపు 80 మీటర్లు కావాలి. డ్రైవర్ తేరుకుని కాలు బ్రేకు మీద పెట్టడానికి పట్టే సెకనులో కారు ఇంకో 33 మీటర్లు దూసుకెళ్తుంది. పాత కార్లలో ఉండేవి డ్రమ్ బ్రేకులు. వేడి లోపలే ఉండిపోతుంది. వరసగా నాలుగైదు సార్లు గట్టిగా తొక్కితే పట్టు తగ్గిపోతుంది. పెడల్ కిందికి పోతుంది గానీ కారు ఆగదు. డిస్క్ బ్రేకులకి గాలి తగులుతుంది, వేడి త్వరగా పోతుంది. అందుకే పని తెలిసిన మిస్త్రీలు ముందు బ్రేకులు, తర్వాతే ఇంజిన్ అంటారు.

డిస్కులు పెద్దవైతే పాత 13 అంగుళాల చక్రంలో పట్టవు. చక్రం పెద్దది కావాలి. చక్రం వెడల్పు పెరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. టైరు పట్టు పెరిగితే ఆ బలమంతా పాత సస్పెన్షన్ బుష్‌ల మీద, బాల్ జాయింట్ల మీద పడుతుంది. వెనక పట్టీ స్ప్రింగులున్న కారులో బలమైన ఇంజిన్ పెట్టి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసే మెలి తిరగబోతుంది, చక్రాలు ఎగిరెగిరి పడతాయి.

తర్వాత గేరుబాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్. ఇవి పాత ఇంజిన్ బలానికి తగ్గట్టు చేసినవి. ప్రీమియర్ పద్మినిలో ఉన్నది 1,089 సీసీ ఇంజిన్, బలం 40 హార్స్‌పవర్ అటూ ఇటూ. దాని మూడు నాలుగు రెట్ల బలం ఇచ్చే ఇంజిన్ తెచ్చి అదే డిఫరెన్షియల్‌కి తగిలిస్తే పళ్లు ఊడిపోవడం ఖాయం.

ఆపై బాడీ. అంబాసిడర్ లాంటి కార్లకి విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. అడుగు రేకులు, తలుపుల కింది పట్టీలు తుప్పు పట్టి ఉంటే, పైన పుట్టీ పెట్టి రంగు కొట్టినంత మాత్రాన బలం రాదు. కొత్త ఇంజిన్ గుంజుడికి అక్కడే మెలి తిరుగుతుంది. తలుపులు సరిగ్గా పడటం లేదంటే, అద్దం ఊరికే చిట్లుతోందంటే కారణం ఇదే కావొచ్చు.

చల్లబరిచే వ్యవస్థ గురించి చెప్పాల్సిన పనేలేదు. బలం ఎక్కువైతే వేడి ఎక్కువ. పాత రేడియేటర్‌తో మే నెల ఎండలో విజయవాడ ట్రాఫిక్‌లో నిలబడితే ఆవిరి లేస్తుంది.

కనపడని చిక్కు: వైర్లు, పెట్రోలు

పాత కార్లలో కరెంటు పని చాలా తక్కువ. లైట్లు, హారన్, వైపర్, సెల్ఫ్. కొత్త ఇంజిన్ అలా కాదు. దాన్ని నడిపేది ఈసీయూ అనే కంప్యూటర్. గాలి ఎంత వస్తోంది, ఇంజిన్ ఎంత వేడెక్కింది, పొగలో ఆక్సిజన్ ఎంత ఉంది అన్నది సెన్సార్లు చెబుతూ ఉంటే అది లెక్క వేసి పెట్రోలు వదులుతుంది. ఒక్క సెన్సార్ తీగ తెగినా కారు మొరాయిస్తుంది. ఆ కంప్యూటర్ తన పాత కారు తాళాన్నే గుర్తుపడుతుంది. అందుకే ఇంజిన్‌తోపాటు దాని ఈసీయూ, వైరింగ్, తాళం, యాక్సిలరేటర్ పెడల్ కూడా ఒకే కారువి తెచ్చుకోవాలి. విడివిడిగా కొన్నవాళ్లు తర్వాత తల పట్టుకుంటారు.

పెట్రోలు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కార్బొరేటర్‌కి పెట్రోలు వెళ్లే పీడనం అర బార్ కూడా ఉండదు. ఇంజెక్షన్ ఇంజిన్‌కి 3 నుంచి 4 బార్ కావాలి, అంటే సుమారు పది రెట్లు. పాత రబ్బరు పైపుని అలాగే వదిలేసి కొత్త పంపు పెడితే అది పగిలి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. కారు తగలబడటానికి అంతకంటే ఏం కావాలి?

కారుని మార్చకుండా పాతదాన్నే నడుపుదామనుకున్నా ఈ విషయం తప్పదు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, సీళ్లు, కార్బొరేటర్ వాషర్లు దానికి తట్టుకునేలా తయారు కాలేదు. మెత్తబడి కారిపోతాయి. ఇంకో విషయం, 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆపేశారు. అంతకు ముందు కాలపు ఇంజిన్ల వాల్వ్ సీట్లకి ఆ సీసమే రక్షణ. అందుకే పాత ఇంజిన్‌ని విప్పినప్పుడు గట్టి వాల్వ్ సీట్లు, ఇథనాల్‌కి పనికొచ్చే పైపులు వేయించుకోవాలి. పెద్ద ఖర్చేమీ కాదు, చాలా ముఖ్యమైన పని.

వేగం వస్తుంది, రక్షణ రాదు

రెస్టోమాడ్ వీడియోల్లో ఎవరూ గట్టిగా చెప్పని మాట ఒకటుంది. కొత్త స్పోర్ట్స్ కారు నుంచి ఇంజిన్ తేవచ్చు, బ్రేకులు తేవచ్చు. దాని బాడీలోని రక్షణను తేలేం. కొత్త కారు ముందు భాగం గుద్దుకున్నప్పుడు తను నలిగి లోపలివాళ్లని కాపాడేలా తయారవుతుంది. పాత కారుకి అది లేదు. ఎయిర్‌బ్యాగులు లేవు. చాలా కార్లలో వెనక సీట్లకి బెల్టులు కూడా లేవు. గట్టి స్టీరింగ్ రాడ్ నేరుగా ఛాతీ వైపు ఉంటుంది. 80 మీద నడవడానికి చేసిన బండిని 150 మీద నడిపితే, లోపల కూర్చున్న పిల్లలకి ఉండే రక్షణ మాత్రం 1960ల నాటిదే. కనీసం బాడీకి వెల్డింగ్ చేసిన గట్టి ఆధారంతో మూడు పాయింట్ల సీటు బెల్టులు వేయించకుండా కుటుంబాన్ని ఎక్కించకూడదు.

మన చట్టం ఏమంటుంది?

ఇప్పుడు అసలు విషయం. విదేశీ వీడియోలు చూసి పని మొదలుపెట్టే వాళ్లకి ఎక్కువగా తెలియనిది ఇదే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా అయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టంగా చెప్పింది. రంగు మార్చడం లాంటి చిన్న మార్పులు ఆర్టీఏ దగ్గర నమోదు చేయించుకోవచ్చు. కంపెనీ మూల స్పెసిఫికేషన్‌ని మార్చడం మాత్రం కుదరదు.

చట్టంలో ఒక తలుపు తెరిచే ఉంది. కారు వేరే ఇంధనంతో, అంటే సీఎన్‌జీ, ఎల్పీజీ, బ్యాటరీ లాంటి వాటితో నడిచేలా ఆమోదం పొందిన కిట్ పెట్టించుకోవచ్చు. ఆ కిట్‌కి పుణెలోని ఏఆర్ఏఐ లాంటి ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. బిగించేవాళ్లకి అధికారం ఉండాలి. ఆర్సీలో నమోదు కావాలి. పాత కారుని కరెంటు కారుగా మార్చాలనుకునే వాళ్లకి ఇదే దారి.

అనుమతి లేని మార్పు చేస్తే ఏమవుతుంది? 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాట గమనించండి. ఇంజిన్, సస్పెన్షన్, సైలెన్సర్ అన్నీ మార్చిన కారుకి లెక్క ఎక్కడికో పోతుంది.

ఇంగ్లండ్‌లో దీనికి చాలాకాలం ఓ పాయింట్ల పద్ధతి నడిచింది. పాత చాసిస్ లేదా బాడీ ఉంటే 5 పాయింట్లు. సస్పెన్షన్, ఇరుసులు, గేరుబాక్స్, స్టీరింగ్ ఒక్కోదానికి 2. ఇంజిన్‌కి 1 మాత్రమే. మొత్తం 8 పాయింట్లు వస్తే పాత నంబరు ఉంచేవారు. రాకపోతే పాత గుర్తింపు పోయేది. తాత షేర్వానీకి అస్తరు మార్చి, బొత్తాలు మార్చి, చేతులు మార్చి, చివరికి బట్టే మార్చేస్తే అది తాతదని ఎప్పటిదాకా అనగలం? అక్కడి అధికారులు ఈ ప్రశ్నకి లెక్కతో జవాబు చెప్పారు. మన దగ్గర అలాంటి లెక్క లేదు. స్పెసిఫికేషన్ మారిందా లేదా అన్నదే చూస్తారు.

వింటేజ్ నంబరు కావాలంటే

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన టూ వీలర్లు, ఫోర్ వీలర్లు దీని కిందికి వస్తాయి. కొత్తగా నమోదు చేయిస్తే నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. అప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యూవల్‌కి 5,000.

షరతు ఏంటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అంటే రెస్టోమాడ్ చేసిన రోజే ఈ గౌరవం పోయినట్టు. ఇంకో సంగతి, వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు కోసం తీసుకెళ్లడం లాంటి వాటికే అనుమతి. పెళ్లిళ్లకి దూల్హా కారుగా కిరాయికి ఇచ్చి డబ్బు సంపాదిద్దాం అనుకునేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

లెక్క వేసి చూస్తే

ఓ ఉదాహరణ తీసుకుందాం. పాత కారు 2 లక్షలకి కొన్నారు, దానిపై 8 లక్షలు పెట్టారు అనుకుందాం. మీ దృష్టిలో అది 10 లక్షల కారు. ఇన్సూరెన్స్ కంపెనీ దృష్టిలో కాదు. అయిదేళ్లు దాటిన కారు విలువని, అంటే ఐడీవీని, కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకోవాలి. కాగితం మీద అది నలభై ఏళ్ల పాత కారు. బిల్లులు లేకుండా, ఆర్సీలో లేని ఇంజిన్‌కి విలువ కట్టమంటే ఎవరు కడతారు?

అంతకన్నా పెద్ద భయం యాక్సిడెంట్‌ది. చెప్పకుండా మార్పులు చేసిన కారు ఎవరినైనా గుద్దితే, పాలసీ షరతులు తప్పారని కంపెనీ పేచీ పెట్టొచ్చు. ఎదుటివాళ్లకి నష్టపరిహారం లక్షల్లో పడితే ఆ భారం చివరికి యజమాని ఇంటి మీదికి రావొచ్చు. కారు సరదా కోసం ఇల్లు తాకట్టు పెట్టుకునే పరిస్థితి రాకూడదు.

అమ్మేటప్పుడు కూడా లెక్క తేడాగానే ఉంటుంది. అరుదైన కార్లు కొనేవాళ్లు అసలుదనానికే డబ్బు ఇస్తారు. 2022లో ఓ మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపే 13.5 కోట్ల యూరోలకి అమ్ముడైంది. అది 1955 నాటి అసలు కారు. పేరున్న వర్క్‌షాపు చేసిన రెస్టోమాడ్‌కి ధర వస్తుంది గానీ, ఊళ్లో చేయించిన దానికి పెట్టిన ఖర్చు వెనక్కి రావడం కష్టం. కొనేవాడు మొదట అడిగేది ఆర్సీ, ఇంజిన్ నంబరు కలుస్తుందా అనే.

మరి ఇంట్లో ఉన్న పాత కారుని ఏం చేయాలి?

చట్టం లోపలే చేయగలిగిన పని బోలెడుంది. తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించొచ్చు. పాత ఇంజిన్‌ని బోరింగ్ చేయించి మళ్లీ కట్టించొచ్చు. ఆ మోడల్‌కి సరిపోయే రేడియల్ టైర్లు వేయించొచ్చు. వైరింగ్ మొత్తం ఫ్యూజులతో కొత్తగా గుంజించొచ్చు. సీటు బెల్టులు, మంచి హెడ్‌లైట్ బల్బులు, కొత్త రేడియేటర్ కోర్, బ్రేకు సిలిండర్లు, ఇథనాల్‌కి తట్టుకునే పైపులు. ఇవన్నీ చేయించుకుంటే కారు 150 మీద పరిగెత్తదు. ఆదివారం నాడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నింపాదిగా తిరిగి వస్తుంది. పాత డిజైన్ ఏదీ చెరిగిపోదు కాబట్టి వింటేజ్ దారి కూడా మూసుకుపోదు. తీసేసిన ప్రతి అసలు భాగాన్నీ, పాత హారన్ అయినా సరే, పెట్టెలో దాచి ఉంచడం మంచిది.

ఈ పని తెలిసిన చేతులు మన దగ్గరే ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో లేత్ మిషన్ మీద దొరకని భాగాన్ని చేసి ఇచ్చేవాళ్లు, సుత్తితోనే మడ్‌గార్డు వంపు తెచ్చే డెంటర్లు ఉన్నారు. వాళ్లలో మన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. అబ్బా దగ్గర కొడుకు నేర్చుకున్న పని అది. రేకుని చేత్తో తట్టి సరిచేసే విద్య కొత్త కార్ల షోరూముల్లో ఉండదు, అక్కడ ప్యానెల్ మార్చేయడమే. విదేశాల్లో ఇదే పనికి గంటల లెక్కన డబ్బిస్తారు. మన దగ్గర దీనికి రావాల్సిన విలువ రావాలంటే బిల్లు, ఫోటోలు, ఏ భాగం ఎక్కడిదో రాసిన కాగితం ఇచ్చే అలవాటు పెరగాలి. అప్పుడు కొనేవాడికీ నమ్మకం, మిస్త్రీకీ పేరు.

చివరగా, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంట్లో కూర్చుని ఈ ప్రశ్నలకి జవాబులు రాసుకోండి. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది, ఇంకా చెల్లుతుందా? బండి మీద ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో కలుస్తున్నాయా? దాదాజాన్ పేరు మీదే ఉండిపోతే ముందు వారసుల పేరు మీదికి మార్పించాలి, అందరు వారసుల సంతకాలు కావాలి. చేయబోయే మార్పుల్లో ఆర్టీఏ అనుమతి అవసరమైనవి ఏవి? సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెస్తున్నట్టయితే దాని బిల్లు, అది తీసిన కారు కాగితాలు ఉన్నాయా, లేక దొంగ బండిదా? మిస్త్రీ ఇంతకుముందు చేసిన రెండు కార్లు ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్నాయా? ఖర్చు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లయితే భరించగలరా?

వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా కారుని ఇంకో నాలుగు నెలలు కవర్ కిందే ఉంచండి. ముందు బ్యాటరీ తీగ విప్పి, టైర్లు నేలకి ఆనకుండా జాకీల మీద నిలబెట్టి, ట్యాంకులో పాత పెట్రోలు తీసేయించండి. అలా ఉంచితే కారు పాడవదు. ఆ నాలుగు నెలల్లో కాగితాల పని పూర్తి చేసుకోవచ్చు.